ఏతాం లాంటి బూమ్ స్టాండు, తొమ్మిదిన్నర అడుగుల కప్పు కింద టాప్ లైటు

పెట్టె విప్పి అంతా బిగించాక మా నాన్న అన్న మొదటి మాట: "ఏందే అమ్మాయ్, ఏతాం కొన్నావా?"

చూస్తే నిజంగానే బావిలో నీళ్ళు తోడే ఏతాంలా ఉంది. నిలువుగా ఒక కాలు, దాని నెత్తిన అడ్డంగా ఏడడుగుల గొట్టం, ఒక కొసన లైటు, రెండో కొసన ఇసుక సంచి. దీన్ని బూమ్ స్టాండు అంటారు. మనిషి ముందు స్టాండు కాలు అడ్డం పెట్టకుండా లైటుని నెత్తి మీదికి తేవాలంటే ఇలాంటిదే కావాలి. పోయిన జూలైలో ఆన్‌లైన్‌లో 7,800 పెట్టి తెప్పించాను. కంపెనీ పేరు రాయను. అమ్మినవాళ్ళతో పంచాయితీ తెగలేదు. పైగా ఇదే సరుకు నాలుగు రకాల స్టిక్కర్లతో అమ్ముతున్నారు, పేరు చెప్పినా మీకు ఒరిగేదేమీ లేదు. గుర్తు చెబుతాను: కాలూ గొట్టమూ కలిసే కీలు దగ్గర నల్ల ప్లాస్టిక్ పిడి, లోపల పళ్ళ చక్రాలు రెండు, పెట్టె మీద "5 కిలోలు మోస్తుంది" అని పెద్ద అక్షరాలు.

మా స్టూడియో తెనాలిలో. నాన్న 1987లో పెట్టింది. పొడవు 22 అడుగులు, వెడల్పు 12, కప్పు ఎత్తు తొమ్మిదిన్నర. ఈ తొమ్మిదిన్నర గుర్తుపెట్టుకోండి, కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది. నాన్న పద్ధతి ఒకటే: కుడి ఎడమల రెండు గొడుగులు (వెలుగుని మెత్తగా పరిచే గొడుగు లైట్లు), వెనక జుట్టుకి ఒక లైటు. పాస్‌పోర్టు ఫోటో అయినా పెళ్ళికూతురైనా అంతే. ఎవరి ముఖం మీదా చెడ్డ నీడ పడదు, మంచి నీడా పడదు. ముఖం దోసెలా పరుచుకుని వస్తుంది. ముప్పై ఏళ్ళపాటు ఊరంతా అదే కోరుకుంది కాబట్టి ఆయన్ని తప్పు పట్టను. కానీ ఇప్పుడు ఓణీల ఫంక్షన్ పిల్లలు ఫోన్‌లో ఒక ఫోటో తెచ్చి "ఆంటీ, ఇట్టా కావాలి" అని చూపిస్తారు. పదింట ఏడు ఫోటోల్లో ముక్కు కింద చిన్న నీడ ఉంటుంది. అంటే లైటు పైనుంచి వచ్చిందన్న మాట.

ఆ నీడ సీతాకోకచిలుక రెక్కల్లా ఉంటుందని దాన్ని బటర్‌ఫ్లై లైటింగ్ అంటారు. 1930ల్లో హాలీవుడ్‌లో నటి మార్లీన్ డీట్రిచ్‌ను పారమౌంట్ స్టూడియోవాళ్ళు ఇలాగే చూపించేవాళ్ళు, అందుకే పారమౌంట్ లైటింగ్ అని కూడా అంటారు. లైటు మనిషి ముక్కుకి ఎదురుగా, తలకంటే ఎత్తున ఉండి కిందికి వాలి చూస్తూ ఉంటుంది. చెంప ఎముకలు తేలతాయి, గడ్డం కింద నీడ పడి మెడ విడిగా కనిపిస్తుంది. రెండో గడ్డం ఏదన్నా ఉంటే ఆ నీడలోనే దాక్కుంటుంది. ఆల్బమ్ ఎంచుకోడానికి వచ్చిన పిన్నిగార్లు ఎందుకు నచ్చిందో చెప్పలేరు గానీ వేలు మాత్రం ఆ ఫోటో మీదే పెడతారు.

అదే లైటుని ఇంకాస్త వెనక్కి జరిపి సరిగ్గా నడినెత్తి మీదికి తెచ్చారా, కళ్ళు రెండు గుంటలైపోతాయి. గాడ్‌ఫాదర్ (1972) సినిమాకి ఛాయాగ్రాహకుడు గోర్డన్ విల్లిస్ కావాలనే పైనుంచి లైటు వేసి నటుడు మార్లన్ బ్రాండో కళ్ళని చీకట్లో ఉంచాడు. అక్కడ ఆయన మాఫియా పెద్ద, చెల్లింది. మా ఊరి బియ్యం వ్యాపారి కళ్ళు చీకట్లో పడితే డబ్బులియ్యడు. నేను మొదటి వారం తీసిన వాటిలో సగం ఇలాంటివే. అంటే టాప్ లైటుకి కావలసింది నెత్తి మీద వేలాడే లైటు కాదు, నెత్తికి మూరెడు ముందు వేలాడే లైటు. ఆ మూరెడు కోసమే ఈ ఏతాం గోలంతా.

ఇక బరువు సంగతి. ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు కాటా మీద పెట్టి తూయించాను. నా 400 వాట్ సెకండ్ల (ఫ్లాష్ శక్తికి కొలత అది) ఫ్లాష్ 2 కిలోల 700 గ్రాములు. సాఫ్ట్‌బాక్సు (వెలుగుని మెత్తబరిచే గుడ్డ పెట్టె), దాని గ్రిడ్డు (వెలుగు పక్కలకి చెదరకుండా ఆపే గళ్ళ గుడ్డ) కలిపి కిలోన్నర. మొత్తం 4 కిలోల 200. "5 కిలోలు మోస్తుంది" అన్నారుగా, సరిపోతుందనుకున్నాను. కానీ ఏ దూరంలో మోస్తుందో ఆ పెట్టె మీద లేదు. కీలు నుంచి లైటు 5 అడుగుల దూరంలో, వెనక గొట్టం 2 అడుగులు. ఏతాం లెక్కే: 4.2ని 5తో గుణించి 2తో భాగిస్తే వెనక పదిన్నర కిలోలు ఉండాలి. గొట్టం సొంత బరువుకి ఇంకాస్త. వాళ్ళు ఉత్తి సంచి ఒకటిచ్చారు, కుట్లదాకా నింపినా 7 కిలోలకు మించి ఇసుక పట్టదు. మిగతాదానికి మా తమ్ముడి 5 కిలోల డంబెల్ తాడేసి కట్టాను. మా తమ్ముడు వ్యాయామం మానేసి రెండేళ్ళైంది కాబట్టి అడిగేవాళ్ళు లేరు.

కప్పు లెక్క చెబుతాను. కొనేముందు నేను వెయ్యని లెక్క ఇది, మీరు వెయ్యండి. తొమ్మిదిన్నర అడుగులంటే 114 అంగుళాలు. ఫ్లాష్ పొడవు 14, సాఫ్ట్‌బాక్సు లోతు 18, బిగింపుకి ఇంకో 4. నిటారుగా కిందికి వేలాడదీస్తే లైటు అడుగు నేలకి 78 అంగుళాల ఎత్తున ఉంటుంది. 5 అడుగుల 8 అంగుళాల మనిషి నిలబడితే తలకీ లైటుకీ మధ్య 10 అంగుళాలు, అది టోపీ పెట్టినట్టే. లైటుని ముందుకు వంచితే కొంచెం నయం గానీ నిలబడ్డవాళ్ళకి ఈ ఎత్తు చాలదు. అదే మనిషిని 18 అంగుళాల స్టూలు మీద కూర్చోబెడితే తల 52 దగ్గరికి వస్తుంది, పైన 26 అంగుళాలు మిగులుతాయి. ఇప్పుడు ముఖం ముఖంలా వస్తుంది. కాబట్టి మీ కప్పు 11 అడుగులకు తక్కువైతే కూర్చున్న ఫోటోలకే ఈ సెటప్ అనుకుని దిగండి.

సీలింగ్ ఫ్యాను ఉందన్న సంగతి గొట్టం పైకి లేపేదాకా నాకు గుర్తు రాలేదు. యూట్యూబ్‌లో ఈ స్టాండులు చూపించే తెల్లోళ్ళెవరికీ నడికప్పున ఫ్యాను లేదు మరి. గొట్టం కొస సరిగ్గా రెక్క తిరిగే చోటికే పోతుంది. ఫ్యాను దించేశాం, కొక్కెం మాత్రం మిగిలింది. జూలై ఉక్కలో పెళ్ళికూతురి మేకప్ కారుతుంటే గోడ ఫ్యాను పెట్టాం. ఆ గాలికి సాఫ్ట్‌బాక్సు తెరచాపలా ఊగింది. ఇప్పుడు షాటుకీ షాటుకీ మధ్య ఫ్యాను వేసి, తీసేముందు ఆపుతున్నాం. మా దగ్గర పనిచేసే కుర్రాడికి అదే పెద్ద డ్యూటీ.

లైటు రెండడుగుల దూరానికి వచ్చిందంటే దాని గుణం మారిపోతుంది. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుందని అందరం చదువుకున్నదే. గొడుగులు ఎనిమిది అడుగుల అవతల ఉన్నన్నాళ్ళూ దాని సెగ నాకు తగల్లేదు. ఇక్కడ ముఖం లైటుకి 26 అంగుళాల్లో ఉంటే ఒళ్ళో చేతులు 52లో ఉంటాయి. ముఖానికి ఎఫ్ 8 (లెన్సు ఎంత తెరవాలో చెప్పే అంకె, వెలుగు తగ్గేకొద్దీ చిన్నదవుతుంది) వస్తే ఆ లెక్కన చేతులకి ఎఫ్ 4 దరిదాపుల్లో. రాత్రంతా మేలుకుని మోచేతుల దాకా గోరింటాకు పెట్టించుకున్న పిల్ల ఫోటోలో చేతులు చీకట్లో కలిసిపోయాయి. వాళ్ళమ్మ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఇంకోసారి పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ పక్కపక్కన కూర్చోబెట్టాను. అతను ఆరంగుళాలు ఎత్తు. ఆ అమ్మాయికి లైటు 30 అంగుళాలైతే అతనికి 24, అంటే ఆ లెక్కన సుమారు ఒకటిన్నర రెట్ల వెలుగు. అతని నుదురు పాలిపోయింది, ఆమె సరిగ్గా ఉంది. ఆమె కింద రెండు ఆల్బమ్‌లు పేర్చి కూర్చోబెట్టాక సరిపోయింది.

ఈ చేతుల చీకటికీ, కళ్ళ గుంటలకీ మందు ఒకటే. స్టేషనరీ కొట్లో 60 రూపాయలకి దొరికిన థర్మోకోల్ అట్ట. సినిమా లైట్‌మెన్ ఎప్పట్నుంచో వాడుతున్నదే. నడుము ఎత్తులో, ఫ్రేములో పడకుండా, ముఖం వైపు కాస్త ఎత్తి పట్టుకుంటే పైనుంచి వచ్చిన వెలుగు తిరిగి కళ్ళలోకి పోతుంది. కనుపాప మీద పైన గుండ్రటి మెరుపు, కింద సన్నటి తెల్ల గీత వస్తాయి. పైనా కిందా ఇలా మూతలా వేసేదాన్ని క్లామ్‌షెల్ అంటారు, మన లెక్కలో ఆలిచిప్ప తెరిచినట్టు. అట్టని ఒక్క జానెడు పైకి తెచ్చినా ముఖం మళ్ళీ నాన్న దోసె అయిపోతుంది, ఒక జానెడు దించితే మళ్ళీ బియ్యం వ్యాపారి. మొత్తం సరంజామాలో నాకు బాగా అక్కరకొచ్చిన వస్తువు ఏదంటే ఈ అట్టే అంటాను.

సాఫ్ట్‌బాక్సు గురించి మంచి మాట చెప్పాలి. 120 సెంటీమీటర్ల ఎనిమిది పలకలది, ఫ్లాష్‌కి తగిలించే బిగింపు బోవెన్స్ మౌంటు అనే రకం, గొడుగులా తెరుచుకుంటుంది. 4,500 అయింది. లోపల ఒక గుడ్డ, బయట ఒక గుడ్డ, వాటిమీద వెల్‌క్రోతో అంటించే గ్రిడ్డు. మా గోడలకి తెల్ల సున్నం. గ్రిడ్డు లేకుండా తీస్తే వెలుగు గోడలకి కొట్టుకుని నాలుగు దిక్కులనుంచీ తిరిగొస్తుంది, వెనక నల్ల తెర బూడిద రంగైపోతుంది. గ్రిడ్డు పెట్టగానే తెర నల్లగా ఉండిపోయింది. సుమారు ఒక స్టాపు, అంటే సగం వెలుగు తింటుంది, తిననీ, మనకి ఎక్కువే ఉంది. ఎంత ఎక్కువంటే, నా ఫ్లాష్‌కి కనిష్టం 1/16, అంటే పూర్తి శక్తిలో పదహారో వంతు. అంత తగ్గించినా ఆ దూరంలో ఐఎస్ఓ (కెమెరా వెలుగుని పట్టే చురుకు) 100 దగ్గర ఎఫ్ 8 వస్తోంది. వెనక మసకగా కావాలని ఎఫ్ 2.8లో తీయాలంటే వెలుగుని 8 రెట్లు తగ్గించే ఎన్‌డీ ఫిల్టరు (నల్లటి అద్దం) లెన్సుకి తగిలించక తప్పలేదు. ఫ్లాష్ కొత్తగా కొనేవాళ్ళు "ఎంత గట్టిగా వెలుగుతుంది" అని అడుగుతారు. టాప్ లైటుకైతే "ఎంత తక్కువకి దిగుతుంది" అని అడగండి. ఇంకో జాగ్రత్త: ఫ్లాష్ తలకిందులుగా వేలాడుతుంది కాబట్టి లోపలి మోడలింగ్ బల్బు (నీడ ఎక్కడ పడుతుందో చూసుకోడానికి ఆగకుండా వెలిగేది) వేడంతా పైకి, దాని ఒంట్లోకే పోతుంది. ఫోకస్ చూసుకుని ఆర్పేస్తున్నాను.

నగల దగ్గర టాప్ లైటుకి తిక్క ఎక్కువ. పాపిటబిళ్ళ నీడ రెండు కనుబొమల మధ్య పడి, బొట్టు కిందికి జారినట్టు కనిపిస్తుంది. పిల్లని గడ్డం కొంచెం ఎత్తమంటే పోతుంది. కూచిపూడి వేషానికి తల మీద సూర్యుడూ చంద్రుడూ ఉంటారు కదా, వాటికి ఈ లైటు భలే నప్పింది, రాళ్ళన్నీ పలికాయి. కళ్ళజోడువాళ్ళకి అద్దంలో మెరుపు రాదు గానీ ఫ్రేము నీడ చెంపల మీద పడుతుంది. పెద్దవాళ్ళకి మాత్రం వద్దు. మా నాయనమ్మని కూర్చోబెట్టి తీస్తే ప్రతి ముడతా కాలవలా కనిపించింది. ఆవిడ చూసి "ఎవురే ఈ ముసిల్ది?" అంది. ఆవిడకి నాన్న గొడుగులే మంచివి. పాస్‌పోర్టు ఫోటోలకీ అంతే, అక్కడ ముఖం మీద నీడ ఉండకూడదు.

ఇక అసలు గొడవ. నవంబరులో ఒక ఆదివారం ఓణీల ఫంక్షన్ పిల్లకి ఫోటోలు. పొద్దున లైటు బిగించి, నీడ చూసుకుని మొదలుపెట్టాను. తీస్తున్నప్పుడు ఏమీ తెలియలేదు. తర్వాత కంప్యూటర్‌లో వరసగా పెట్టి చూస్తే పద్నాలుగు ఫోటోలు. మొదటిదాంట్లో ముక్కు కింద నీడ పైపెదవి దాకా ఉంది. నాలుగోదాంట్లో సగానికి వచ్చింది. తొమ్మిదోదాంట్లో గోరంత. పన్నెండోదానికి దాదాపు లేదు, కంట్లో మెరుపు కూడా పైనుంచి కనుపాప నడుముకి దిగింది. నేనేమో పిల్ల తల ఎత్తుతోందనుకుని "దించమ్మా, దించు" అంటూనే ఉన్నాను. దిగుతున్నది లైటు. ఆ కీలు పళ్ళు ఒక్కొక్కటే జారుతున్నాయి. పద్నాలుగో ఫోటో అయ్యాక పిల్ల చీర మార్చుకోడానికి లోపలికి వెళ్ళింది. కిర్రుమని ఒక చప్పుడు, ఆ వెంటనే గొట్టం మొత్తం వాలిపోయి లైటు సరిగ్గా స్టూలు మీద పడింది. సాఫ్ట్‌బాక్సు కమ్మీలు రెండు వంగాయి, బల్బు పగిలింది. ఆ ఖాళీ స్టూలు చూసి నాకు చాలాసేపు కాళ్ళలో వణుకు పోలేదు. నాన్న ఏమీ అనలేదు. పిల్ల బయటికి వచ్చేలోపు గాజు పెంకులు తనే ఊడ్చేసి, పాత గొడుగులు రెండూ తెచ్చి నిలబెట్టాడు. మిగతా ఫోటోలు వాటితోనే తీశాం.

కీలు విప్పి చూస్తే పోత అల్యూమినియం పళ్ళు అరిగి నున్నగా ఉన్నాయి. ఫోటోలు తీసి అమ్మినవాళ్ళకి పంపాను. "ఓవర్‌లోడ్ చేశారు" అన్నారు. వాళ్ళ ప్రకటనలోని 5 కిలోల ముక్క, నా కాటా చీటీ రెండూ పంపాను. ఇంతవరకు ఉలుకూ పలుకూ లేదు.

ఆ తర్వాత నేను చేయాల్సిన పని చేశాను. మా ఊళ్ళో పాత ఇనుప సామానుతో విగ్రహాలు చేసే శిల్పులున్నారు, తెనాలి విగ్రహాలంటే బయటి ఊళ్ళకీ తెలుసు. వాళ్ళ దగ్గర వెల్డింగ్ చేసే బాబాయ్ ఒకాయన్ని పిలిచి చూపించాను. ఆయన స్టాండు వంక చూడనే లేదు, గోడ తట్టి చూశాడు. "తొమ్మిదంగుళాల గోడేనా అమ్మా?" అన్నాడు. అవునన్నాను. "నాలుగున్నరదైతే నేను చెయ్యను. దీనికైతే కాలెందుకు, గోడే కాలు." ఎనిమిది అంగుళాల చదరపు ప్లేటు, నాలుగు 10 ఎం.ఎం. యాంకర్ బోల్టులు, దానికి తలుపు బందుల్లాంటి దిట్టమైన కీలు, అయిదడుగుల జీఐ పైపు, పైపు కొస నుంచి గోడ పైకి ఏటవాలుగా లాగిన ఇనుప తీగ, బిగించుకోడానికి మర. కొసన 16 ఎం.ఎం. కడ్డీ, స్టూడియో ఫ్లాష్‌లు దాదాపు అన్నీ దానిమీద కూర్చుంటాయి. 3,400 తీసుకున్నాడు. జారడానికి అందులో పళ్ళే లేవు. పక్కకి తలుపులా తిరుగుతుంది, అక్కర్లేనప్పుడు గోడకి చేరవేస్తాం. దించిన ఫ్యాను కొక్కెం నుంచి ఫ్లాష్‌కి విడిగా ఒక స్టీలు తాడు కట్టించాను. ఏది ఊడినా లైటు ఆ తాడుకి వేలాడుతుంది గానీ మనిషి మీదికి రాదు. స్టాండు వాడేవాళ్ళు కూడా ఈ తాడు లేకుండా ఎవరి నెత్తి మీదా లైటు పెట్టొద్దు.

దీనికీ లోపముంది. ఎత్తు మారదు, వెనక్కీ ముందుకీ జరగదు. లైటు మనిషి దగ్గరికి రాదు, మనిషే లైటు దగ్గరికి రావాలి. ఇక్కడ నాన్న గెలిచాడు. అటక మీద ఆయన పాత గుండ్రటి స్టూలుంది. తిప్పితే మర మీద పైకి లేస్తుంది, వెనక్కి తిప్పితే దిగుతుంది. దాన్ని దించి నూనె రాసి పెట్టాడు. ఇప్పుడు లైటు కదపను, మనిషిని తిప్పుతాను. రెండు చుట్లు ఎక్కువ తిప్పితే నీడ పొట్టిది, తక్కువ తిప్పితే పొడుగు. "టాప్ లైటు కొత్తదనుకుంటున్నావా? కరెంటు దీపాలు రాకముందు స్టూడియోలకి కప్పే అద్దం. తెర లాగితే నీడ, తీస్తే వెలుగు. లైటు కదిలేదా? మనిషే కదిలేవాడు" అన్నాడు నాన్న. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

నక్షత్రాలు అడిగితే: సాఫ్ట్‌బాక్సుకి నాలుగు, వంగిన కమ్మీలు కొట్టి సరిచేశాక కూడా పనిచేస్తోంది కాబట్టి. గోడ చెయ్యికి నాలుగున్నర. బూమ్ స్టాండుకి ఒకటి, అది కూడా కాళ్ళు గట్టివి కాబట్టి. కిలో, కిలోన్నర బరువుండే చిన్న లైటుని జుట్టు మీద వెలుగుకి వాడుకునేవాళ్ళకి సరిపోతుందేమో గానీ పెద్ద సాఫ్ట్‌బాక్సుకి మాత్రం నేను చెప్పను. ముందు నన్నడిగితే డబ్బు లైటు మీద కాకుండా లైటుని పట్టుకునేదాని మీద పెట్టమనేదాన్ని. జూలైలో నన్ను నేను అడగలేదు.

ఇప్పుడు మార్చి, ఎండలు ముదురుతున్నాయి. స్టాండుని అమ్ముదామంటే మనసొప్పలేదు, తెలిసి ఇంకొకరి నెత్తి మీద ఎట్టా పెడతాం. పెరట్లో నిలబెట్టాను. నాన్న స్నానం చేసి తువ్వాలు దానిమీదే ఆరేస్తున్నాడు. ఆ బరువుకి మాత్రం ఇంతవరకు జారలేదు.